పరంజ్యోతి టిక్కు

మా ఊరి కోర్టులో నల్లకోటు తొడుక్కునేవాళ్లు అరవై మంది. పుస్తకం తెరిచేవాడు ఒక్కడు. ఆయనకు కోటు లేదు. ఆయన నా మొగుడు.

ఊరి పేరు రాయను. రాస్తే పరువునష్టం దావా వేస్తారు. పరువు ఉన్నట్టు రుజువు చేసుకోవడం వాళ్ల తిప్పలు, వాయిదాలకు తిరగడం నా తిప్పలు. పులికాట్ సరస్సుకు బస్సులో గంట దూరం అనుకోండి, చాలు.

ఆయన పేరు పరంజ్యోతి. బార్ అసోసియేషన్ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రేరియన్. ఆ లైబ్రరీని వకీళ్లు దేనికి వాడారో చెప్తాను. తీర్పుల సంపుటాలు ఎర్ర అట్టలతో, బంగారు అక్షరాలతో గోడ నిండా ఉంటాయి. పెద్ద పార్టీ, అంటే బాగా ఫీజిచ్చే కక్షిదారు, వస్తున్నాడంటే రెండు వరసలు మోయించుకుపోయి తమ కుర్చీ వెనక పేర్చుకునేవాళ్లు. ఏది ముందో ఏది వెనకో అక్కర్లేదు, రంగు కలిస్తే చాలు. టిఫిన్ క్యారేజీలు విప్పడానికి క్రిమినల్ కేసుల బల్ల. వానలో తడిసిన కోట్లు ఆరేయడానికి రెవిన్యూ చట్టాల బీరువా తలుపులు. ఆన్‌లైన్ వాయిదాలు వచ్చినాక గిరాకీ ఇంకా పెరిగింది. పైన కోటు, కింద లుంగీ, వెనక చట్టం. ఒకాయన అంత దూరం రావడం దండగని బీరువాను ఫొటో తీసి ఫ్లెక్సీ కొట్టించి ఇంట్లోనే కుర్చీ వెనక కట్టుకున్నాడు. వాయిదా నడుస్తుండగా ఎవరో ఫ్యాను వేశారు. "వకీలు గారూ, మీ పుస్తకాలు ఊగుతున్నాయి" అన్నాడంట అప్పటి జడ్జి. "పాత బిల్డింగు సార్" అన్నాడంట ఈయన.

ఇక కంప్యూటర్ల సంగతి. అర్జీని కంప్యూటర్లో కొట్టి, కాగితం మీద తీసి, సంతకం పెట్టి, దాన్ని స్కాన్ చేసి మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. కోర్టు గుమాస్తా దాన్ని మళ్లీ కాగితం మీద తీసి, దబ్బనంతో గుచ్చి, దారం కట్టి కట్టలో పెడతాడు. దీని పేరు కాగితం లేని కోర్టు.

ఇన్ని వేషాల మధ్య నిజంగా జరిగే పని ఒకటుండేది. ఏ వకీలైనా పాత తీర్పులు చూపించి వాదించాలంటే ముందు వాటి జాబితా రాసి పరంజ్యోతికి ఇవ్వాలి. ఆయన సంపుటం దించి, పేజీ తెరిచి, కేసు పేరూ ఏడూ పేజీ నంబరూ సరిపోయినాక ఆ వరసకు ఎదురుగా ఎర్ర పెన్సిల్‌తో ఒక టిక్కు పెడతాడు. అప్పుడే ఆ జాబితా బెంచికి పోతుంది. ఇది ఏ చట్టంలోనూ లేని రూలు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. కొత్త జడ్జి వచ్చిన రోజు బెంచి క్లర్కు చెప్పేవి రెండే విషయాలు: ఏ గదిలో ఫ్యాను సరిగ్గా తిరుగుతుంది, పరంజ్యోతి టిక్కు అంటే ఏంది.

నా పేరు ప్రేమలీల. తొమ్మిదో తరగతి తప్పాను. తాలూకాఫీసు ముందు చెట్టు కింద కూర్చుని జనానికి అర్జీలు రాస్తాను. అర్జీతో పని జరక్కపోతే అదే జనాన్ని తీసుకుపోయి ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను. నేను చదివిన చట్టమంతా మా వంటింట్లో చదివిందే. ప్రభుత్వం ఏ చట్టాన్ని సవరించినా ఆ మాటలు చిన్న చిన్న కాగితం ముక్కల మీద అచ్చయి వస్తాయి. వాటిని కత్తిరించి పాత పేజీల మీద అతికించాలి. ఆ పుస్తకాలు ఆయన ఇంటికి తెచ్చేవాడు. నేను మైదా ఉడికించి గంజి చేసేదాన్ని. ఆయన చదివేవాడు, నేను అతికించేదాన్ని. కలెక్టరునైనా "ఏమయ్యా" అనే నేను ఆయన్ని మాత్రం "మీరు" అనేదాన్ని. నేను రాసిన ప్రతి అర్జీ ఆయన చూసినాకే ఆఫీసుకు పోయేది.

ఆ ఏడు మార్చిలో బార్ అసోసియేషన్ ఎన్నికలు జరిగినాయి. గెలిచిన వర్గం ఇచ్చిన మాట రెండు ముక్కలు: ఏసీ, డిజిటల్ లైబ్రరీ. ఏప్రిల్ మొదటి వారం ఒకరోజు ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"బీరువాలు తీసేస్తారంట లీలా. నాలుగు కంప్యూటర్లు పెడతారంట."

"మరి పుస్తకాలు?"

"మూటలు కట్టమన్నారు. వేసవి సెలవులు మొదలయ్యేలోపల. వెనక షెడ్డులో పడేస్తారంట."

"మరి మీరు?"

"పాస్‌వర్డు నా దగ్గర ఉంటుందంట."

నాకు నవ్వొచ్చింది, వెంటనే మండింది. "రేపే పోయి గేటు ముందు కూర్చుంటా. యాభై మంది ఆడోళ్లను తెస్తా."

"వద్దు. ఆ యాభై మందికీ వేరే గేటుంది గదా, ముందు దాని సంగతి చూడు" అన్నాడు.

ఆయన అన్న గేటు అంకాలమ్మ వాళ్లది. సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె వాళ్ల కుప్పం. అక్కడినుంచి నీళ్లలోకి దిగడానికి ఒకే బాట. రెండు రొయ్యల గుంటల మధ్య గట్టు మీదుగా పోతుంది. గుంటల ఆసామి ఆ గట్టు తన పట్టాలో ఉందని ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. చుట్టు తిరిగి పోవాలంటే ఐదు కిలోమీటర్లు. చేప తెచ్చేది మగాళ్లయినా గంప మోసేది ఆడవాళ్లు. ఐదు కిలోమీటర్లు తిరిగేసరికి గంపలో ఐసు నీళ్లయి మెడ మీదుగా కారిపోయేది, చేప మెత్తబడేది, మార్కెట్లో సగం ధర కూడా పలికేది కాదు. కేసు వేశాం. స్టే వచ్చింది, గేటు ఊడింది. ఇప్పుడు ఆసామి ఆ స్టే కొట్టేయమని పిటిషన్ వేశాడు. దాని వాదన సెలవులకు ముందు ఆఖరి పనిదినాన, శుక్రవారం. ఆ రోజు స్టే పోతే, నెల రోజులు కోర్టు ఉండదు. ఆసామి ప్రొక్లెయిను దించి గట్టు తవ్వి రెండు గుంటలూ ఒకటి చేస్తాడు. జూన్‌లో కోర్టు తెరిచేసరికి వాదించుకోవడానికి బాటే ఉండదు.

బుధవారం సాయంత్రం మా వకీలు కామాక్షయ్య గారి గదిలో కూర్చున్నాం. డెబ్బై దాటిన మనిషి. బీదల కేసులకు ఫీజు అడగడు, కళ్లజోడు మాత్రం ఎదుటివాళ్లది అడుగుతాడు. అంకాలమ్మ నేల మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది.

"నాలుగు తీర్పులున్నాయమ్మా ప్రేమలీలా. నాలుగూ పొలం గట్ల బాటలవే. నీళ్లకు పోయే బాట మీద ఒక్కటి దొరికితే ఎదుటి వకీలు నోరు మూతబడుద్ది."

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఒకటి చదివిన గుర్తు సార్. సముద్రం పక్క ఊరిది. ఏడు గుర్తు రావడం లేదు. సగం సంపుటాలు మూటల్లోకి పోయినాయి. విప్పి చూడాల. శుక్రవారం పొద్దునకల్లా చూస్తాను."

"ఏందన్నా, పొద్దునకల్లా అంటావా!" అంది అంకాలమ్మ. "వలేసి తీసినా ఈలోపల పదిసార్లు చేప పడుద్ది. ఈ కోర్టులో ఒక కాగితం దొరకదే!"

"చేపకు పేజీ నంబరు అక్కర్లేదు అంకాలమ్మా" అన్నాడు ఆయన. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన నిదానం చూస్తే నాకు ముప్పై ఏళ్లుగా ఒళ్లు మండేది. ఆ నిదానం మీద ఆ కోర్టు మొత్తం నిలబడి ఉందని తెలిసి కూడా మండేది.

గురువారం పొద్దు గూకే వేళకు ఆయన ఇంటికొచ్చాడు. తల నిండా దుమ్ము, వేళ్ల సందుల్లో పురికొస కోసిన గీతలు. "ఇంకా పదకొండు మూటలున్నాయి" అని, అన్నం తిని, జాబితా తీసి నాలుగు వరసలకూ టిక్కులు పెట్టాడు. ఆ నాలుగూ పుస్తకంలో చూసి వచ్చినవే. జాబితా నా చేతిరాతదే, కామాక్షయ్య గారు చెప్తుంటే నేనే రాశాను. ఆయన పెన్సిలు దాని మీదే పెట్టి పడుకున్నాడు.

నేను వసారాలో కూర్చుని ఫోను తీశాను. అర్జీలకు నేనూ ఈమధ్య ఆ ఏఐ యాప్ వాడుతుండేదాన్ని. ఇంగ్లీషు ముక్కలు అడిగితే చెప్పేది. తెలుగులోనే అడిగాను: చేపలు పట్టేవాళ్లు నీళ్లకు పోయే బాటను పట్టాదారు మూసేస్తే, కూడదని చెప్పిన తీర్పు ఏదైనా ఉందా?

"తప్పకుండా అండి! మీ పోరాటానికి బలం చేకూర్చే తీర్పు ఇదిగో" అంది.

కేసు పేరు ఇచ్చింది. 1987 అంది. సంపుటం చెప్పింది. 412వ పేజీ అంది. ఆ తీర్పులోదని ఒక వాక్యం కూడా ఇచ్చింది: తరతరాలుగా నీళ్లను నమ్ముకున్న జనం నడిచిన బాట వాళ్ల వలల్లాగే వాళ్ల బతుకులో భాగం, దానికి కంచె వేసే హక్కు ఏ పట్టాకూ లేదు.

ఏ జడ్జీ అట్లా రాయడు. ముప్పై ఏళ్లు జడ్జీల వాక్యాలు చదివినదాన్ని, వాళ్లు వాక్యం మొదలుపెడితే మూడో పేజీకి గానీ క్రియ రాదు. నాకు తెలియాలి. కానీ అది నేను మైకు పట్టుకుని ఎండలో అరుస్తూ వచ్చిన మాట. ఎవరూ రాసుకోని మాట. అచ్చులో, పేజీ నంబరుతో సహా, నలభై ఏళ్ల కిందటే ఒక పెద్ద కోర్టు అనేసిందని చెబితే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది నిజమైన తీర్పేనా?" అని మళ్లీ అడిగాను. "అవునండి, ఇది ప్రామాణికమైన తీర్పు" అంది.

శుక్రవారం నేను నిద్ర లేచేసరికే ఆయన వెళ్లిపోయాడు, మిగిలిన మూటలు విప్పి చూడటానికి. తొమ్మిదింటికి కామాక్షయ్య గారు ఫోన్ చేశాడు.

"లిస్టు నీకాడే ఉందంట గదమ్మా. బిన్నా తీసుకురా. పదిలోపల బెంచి క్లర్కుకు ఇయ్యాల. ఐదోది దొరికిందా?"

"దొరికింది సార్" అన్నాను.

"పరంజ్యోతి చూశాడు గదా?"

"ఆఁ."

ఆ ఒక్క అక్షరంతో మొదలైంది. బల్ల దగ్గర కూర్చుని ఐదో వరస రాశాను. పైన నాలుగింటికి టిక్కులున్నాయి, దీనికి లేదు. లైబ్రరీ ఎక్కడో లేదు, కోర్టు ఆవరణలోనే, బెంచి క్లర్కు గదికి నలభై అడుగుల దూరం. పోయి అడిగి ఉండొచ్చు. అడిగితే "పుస్తకం చూడాల" అంటాడు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. పేజీతో సహా చెప్పినాక ఇంకా చూసేదేముంది అనుకున్నాను. ఆయన పెన్సిల్ తీసుకుని టిక్కు పెట్టాను. తప్పు చేస్తున్నానని కూడా అనిపించలేదు. ఇంట్లో ఆయన చెప్పులు తొడుక్కుని వీధిలోకి పోనా? అట్లాగే అనిపించింది.

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. సెలవుల ముందు రోజు కదా, ప్రతి వకీలుకూ ఏదో ఒక వాయిదా కావాలి. వెనక బెంచీలో నా పక్కన అంకాలమ్మ, ఆమె వెనక కుప్పం ఆడవాళ్లు పదిహేను మంది. జడ్జమ్మ చిన్న వయసు మనిషి, వచ్చి ఏడాది. జాబితా చూస్తూ ఐదో వరస దగ్గర ఆగింది.

"ఇది నేరుగా వర్తించేట్టుంది. ఏముంది ఇందులో?"

కామాక్షయ్య గారు నేను రాసిచ్చిన వాక్యం చదివాడు. అంకాలమ్మ నా మణికట్టు పట్టుకుంది. "మన మాటే అక్కా!" అంది గుసగుసగా.

ఎదుటి వకీలు తన ట్యాబు మీద వేలు తిప్పుతున్నాడు. "మా సాఫ్ట్‌వేర్‌లో కనపడటం లేదు మేడమ్."

"సాఫ్ట్‌వేర్‌లో లేనివి చాలా ఉంటాయి" అంది జడ్జమ్మ. "టిక్కు ఉంది కదా. సంపుటం తెప్పించండి, చూద్దాం."

ఆ మాటకు నేను గర్వపడ్డాను. నిజం చెప్తున్నాను, గర్వపడ్డాను.

జవాను వెళ్లి చెప్పాడు. ఐదు నిమిషాలకు మా ఆయనే వచ్చాడు. చేతిలో అడిగిన ఎర్ర సంపుటం, చంకలో ఇంకో పుస్తకం, దాని మధ్య కాగితం ముక్క బయటికి కనపడుతోంది. మొహం మీద చెమట, ఆ చెమట కింద చిన్న సంతోషం. ఏదో దొరికినప్పుడు ఆయన మొహం అట్లా ఉంటుంది. సంపుటం బెంచి క్లర్కుకు ఇచ్చాడు. క్లర్కు జడ్జమ్మకు అందించాడు. ఆమె పేజీలు తిప్పింది. తిప్పడం ఆపింది. ముందుకొక పేజీ, వెనక్కొక పేజీ చూసింది.

"412లో చింతపండు మీద అమ్మకం పన్ను కేసుంది" అంది.

ముందు వరస వకీళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. కామాక్షయ్య గారు ఎవరిదో కళ్లజోడు పెట్టుకుని పేజీ మీదికి వంగాడు. సూచికలో వెతికారు. ఆ పేరుతో కేసు ఆ సంపుటంలోనే లేదు.

"అమ్మా, దాని మీద మా లైబ్రేరియన్ టిక్కుంది" అన్నాడు కామాక్షయ్య గారు. ఆయన తప్పును ఎవరి మీదా నెట్టలేదు. నిజంగా నమ్మి అన్నాడు. "ఆ టిక్కు చూసే ఇన్నేళ్లూ వాదించాం. ఎప్పుడూ తప్పలేదు."

జడ్జమ్మ జాబితాను కిందికి ఇచ్చింది. "పరంజ్యోతి గారూ, ఈ టిక్కు మీదేనా?"

ఆయన కాగితం తీసుకున్నాడు. ఆయన టిక్కుకు ఎడమ కాలు చిన్నది, కుడి కాలు చివర చిన్న ఆగుడు ఉంటుంది, పెన్సిల్ ఎత్తే ముందు ఇంకోసారి ఆలోచించినట్టు. నాది బడి పంతులమ్మ పెట్టినట్టు సర్రున పైకి పోయింది. ఒకదాని కింద ఒకటి ఐదు టిక్కులు. పసిపిల్లకు చూపించినా చెప్తుంది. ఐదో వరసలో రాతా నాదే. ఆయన కాగితం వైపు చూస్తూనే ఉన్నాడు. తల ఎత్తి నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు.

"నాదేనండి" అన్నాడు.

"పుస్తకం చూడకుండానే పెట్టారా?"

"చూడకుండానే పెట్టినానండి. మూటలు కట్టే హడావిడిలో."

నేను తహసీల్దారు జీపుకు అడ్డం పడుకున్నదాన్ని. మంత్రి మీటింగులో మైకు లాక్కున్నదాన్ని. లేచి "అది నాది" అనడానికి రెండు మాటలు చాలు. లేస్తే ఏమవుతుంది? పార్టీ తరపు మనిషే దొంగ తీర్పు పెట్టి దొంగ టిక్కు కొట్టిందని స్టే అక్కడికక్కడే ఎగిరిపోతుంది. అంకాలమ్మ చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. కుప్పం మొత్తం నా వెనక బెంచీలో ఉంది. అందుకే లేవలేదు. ఇది ఒక కారణం. రెండోది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది: నాకు భయమేసింది. అరవై నల్లకోట్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగి తొమ్మిదో తరగతి తప్పినదాన్ని చూసి నవ్వుతాయని భయమేసింది.

"అమ్మా, ఇంకొకటి తెచ్చినాను..." అని ఆయన చంకలో పుస్తకం తీయబోయాడు.

"చాలండి" అంది జడ్జమ్మ. కసిరినట్టు కూడా కాదు, అలిసిపోయినట్టు. "మీరు వెళ్లండి."

ఆయన వెళ్లిపోయాడు. జడ్జమ్మ ఐదో వరస కొట్టేసి మిగతా నాలుగు తీర్పుల మీద వాదన విన్నది. సాయంత్రం నాలుగింటికి ఆర్డరు చెప్పింది. సెలవులు అయ్యేదాకా స్టే అట్లాగే ఉంటుంది, కోర్టు తరపున ఒక కమిషనరు పోయి బాట కొలిచి రిపోర్టు ఇవ్వాలి, ఈలోపల గట్టు మీద పార వేయకూడదు. చివర ఇంకో వాక్యం: లైబ్రేరియన్ నిర్లక్ష్యం విషయం బార్ అసోసియేషన్ చూసుకోవాలి. ఆడవాళ్లు నన్ను ఎత్తుకున్నంత పని చేశారు.

అసోసియేషన్ ఎంత తొందరగా చూసుకుందంటే, సంవత్సరాల తరబడి ఊడిన కిటికీ తలుపు బిగించలేని వాళ్లు, సోమవారానికి తీర్మానం చేసి ఉత్తరం పంపారు. మంచి భాష. "మీరు అందించిన అమూల్యమైన సేవలను గౌరవిస్తూనే, సంస్థ విశ్వసనీయతను దృష్టిలో ఉంచుకుని, భారమైన హృదయంతో మిమ్మల్ని విధుల నుంచి తప్పిస్తున్నాము." అధ్యక్షుడి సంతకం, కార్యదర్శి సంతకం, రబ్బరు ముద్ర. సంతకాలకు పైన ఆఖరి వరస ఇది: "దీన్ని ఇంకొంచెం కఠినంగా మార్చి ఇవ్వమంటారా?"

ఉత్తరాన్ని యాప్ రాసింది. ఇద్దరు బీఏ బీఎల్‌లు చదవకుండా సంతకం పెట్టారు. పుస్తకం చూడకుండా టిక్కు పెట్టాడన్న మనిషిని అట్లా తీసేశారు. వేరే రోజైతే నేను ఆ ఉత్తరాన్ని నాలుగు వందల జిరాక్సులు తీయించి కోర్టు గోడ నిండా అంటించేదాన్ని. ఆయనకు చదివి వినిపించి పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"నేను పోయి చెప్తాను" అన్నాను. "జడ్జమ్మ ఇంటికే పోతాను. టిక్కు నాదని చెప్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"చెప్తే స్టే పోతుంది. పోనిస్తావా?"

నేను చెప్పులు వేసుకోబోయి ఆగాను.

"పోనియ్యవు" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. పేజీ నంబరు చదివినట్టు అన్నాడు.

"ఆ రోజు చంకలో తెచ్చిందేంది?"

"అదే. సముద్రం పక్క ఊరిది. తొమ్మిదో మూటలో దొరికింది. పదికి పది నిమిషాలుండంగా. అప్పటికే లిస్టు పోయిందన్నారు." ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"లీలా, నాకు ఒకటే అర్థం కావడం లేదు. పుస్తకం తెరవకుండా టిక్కు పెట్టేదానికి చెయ్యి ఎట్లా వచ్చింది నీకు?"

జవాబు కోసం నిలబడ్డాడు. నిజంగా తెలుసుకోవాలనే నిలబడ్డాడు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను తిరిగి అనేదాన్ని, కొట్లాడేదాన్ని, గెలిచేదాన్ని. ఆ వారంలో ఎవరిదో పింఛను అర్జీ రాసి అలవాటుగా ఆయన ముందు పెట్టాను. "నువ్వే చూసుకో" అని పక్కకు జరిపాడు. అప్పటినుంచి నా అర్జీ ఒక్కటి కూడా ఆయన చదవలేదు. అన్నం తింటాడు, ఆదివారం చర్చికి నాతోనే వస్తాడు, కూరగాయలు తెస్తాడు. మంచివాడుగానే ఉంటాడు. పురికొస గీతలు మానిపోయినాయి. ఎర్ర పుస్తకాల మూటలు షెడ్డులోకి పోయినాయి. ఏసీ గదిలో నాలుగు కంప్యూటర్ల ముందు వకీళ్లు మధ్యాహ్నం నిద్రపోతున్నారని కామాక్షయ్య గారే చెప్పాడు. ఆ మాట చెప్పడానికే ఒకసారి మా ఇంటికొచ్చి, మా ఆయన ఎదురుగా కూర్చుని, తిట్టలేక, ఓదార్చలేక, టీ తాగి పోయాడు.

మే నెల చివరి ఆదివారం కుప్పంలో భోజనాలు పెట్టారు. కమిషనరు బాట కొలిచిపోయాడు, రిపోర్టు మన వైపే ఉందని తెలిసింది. ఆయన్ని రమ్మన్నాను. "నువ్వు పోయిరా" అన్నాడు.

బాట మీదే టార్పాలిన్ కట్టారు. రెండు పక్కలా రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. అంకాలమ్మ నాకు కుర్చీ వేసి శాలువా కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాట్లాడమన్నారు. మైకు దొరికితే గంట వదలని దాన్ని, "మీ బాట మీది" అని కూర్చున్నాను. వాళ్లకు అదే గొప్పగా ఉంది.

ఆకులు వేశారు. అంకాలమ్మ గిన్నె పట్టుకుని నా పక్కన కూలబడింది.

"అన్న రాలేదే?"

"ఒంట్లో బాలేదు."

"ఉద్యోగం పోయిందంట గదక్కా. వకీలయ్య చెప్పినాడు." గరిటెతో పులుసు వేసింది, మామిడికాయ ముక్కలు వెతికి వెతికి వేసింది. "అయినా అక్కా, తప్పు పట్టాలని కాదు గానీ, అన్న అట్టా చూడకుండా టిక్కు పెడితే ఎట్టా? మా బతుకు పోయి ఉండేది గదా. నువ్వు గట్టిదానివి కాబట్టి నిలబడింది. ఇంట్లో ఒకరన్నా చూసి చేసేవాళ్లుండాల."

చుట్టూ ఆడవాళ్లు తలలూపారు. ఒకామె "పాపం, మగోడు, పెద్దోడైపోయినాడు, మరుపులే" అంది.

ఆ మాట సరిదిద్దడానికి అక్కడ ఏ జడ్జీ లేడు, ఏ స్టే పోదు. వినేవాళ్లు నావాళ్లు. నోరు తెరిస్తే చాలు.

"పులుసు ఎట్టా ఉంది అక్కా?"

"బాగుంది" అన్నాను. "ఇంకొంచెం వెయ్యి."